నాలుగుసార్లు మారిన ఎల్ బోర్డు

నర్సమ్మ ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి. తొమ్మిదిన్నరకు డ్రైవింగ్ పరీక్ష పెట్టే మైదానం చేరాలి. పదింటికి పరీక్ష పాసవ్వాలి. ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లలకు టీకాలు వేయడానికి సోమవారం నుంచి ఆమెకు బండి ఇస్తామని ఆరోగ్య కేంద్రం వాళ్లు చెప్పారు, లైసెన్సు చూపిస్తేనే. చూపించకపోతే ఆ పని ఇంకో నర్సుకు వెళ్లిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పి ఆ నర్సు మొహం చూడటం కంటే సెలవు పెట్టడమే నయమనుకుంది.

ముందు గదిలో ఆమె భర్త, తమ్ముడు నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి టీవీ ముందు కూర్చుని ఉన్నారు. భర్త గడియారాల మెకానిక్. తమ్ముడికి కళ్లద్దాల దుకాణం, కాపురం పక్కింట్లోనే. వాళ్లు చూస్తున్నది ఇరవై నాలుగు గంటల కార్ల రేసు. ఒక్కో బండిని డ్రైవర్లు వంతులవారీగా నడుపుతూనే ఉంటారు. మర్నాడు పన్నెండయ్యేసరికి ఎక్కువ దూరం పోయినవాడిదే గెలుపు. భర్తది నీలం కంపెనీ బండి కాబట్టి ఆయన నీలం వైపు. తమ్ముడిది ఎర్ర కంపెనీ బండి కాబట్టి వాడు ఎరుపు వైపు. రెండు బండ్లకూ తలా పన్నెండేళ్లు నిండినా పౌరుషానికి వయసు లేదు.

"మీవాళ్లు బ్రేకులు మార్చడానికి పదకొండు నిమిషాలు తీసుకున్నారు బావా. ఆ టైములో నేను కళ్లజోడు చేసి ఇచ్చేస్తాను."

"నువ్వు చేసిన కళ్లజోడు పెట్టుకునే కదరా మీ డ్రైవరు గోడకు గుద్దింది!"

"ఏవండీ, టైమైంది, లేవండి" అంది నర్సమ్మ.

భర్త తాళాలు తీసుకున్నాడు. తమ్ముడు చటుక్కున లేచాడు. "అక్కా, నీలం బండిలో వెళ్తే పరీక్ష పోయినట్టే. నా బండి తీసుకో."

"పరీక్ష నాదా, మీ కంపెనీలదా?"

ఈ ప్రశ్న ఇద్దరికీ వినిపించలేదు. రెండు నిమిషాలు కొట్లాడుకుని, ఇద్దరూ కలిసి ఒక న్యాయమైన ఒప్పందానికి వచ్చారు. రేసులో ఏ కంపెనీ ముందుంటే అక్క ఆ కంపెనీ బండి నడపాలి. ఆ బండి సొంతదారు పక్కన కూర్చుంటాడు. రెండోవాడు తన బండిలో వెనక వస్తాడు. రేసు సంగతులు ఫోనులో వింటూ ఉంటారు. వద్దనడానికి నర్సమ్మ దగ్గర టైము లేదు.

అప్పటికి నీలం ముందుంది. నీలం బండికి ఎల్ బోర్డు కట్టి బయలుదేరారు. బేకరీ దాటారో లేదో వెనక నుంచి హారను మోగింది. ఎరుపు ముందుకొచ్చిందట. బండ్లు పక్కకు ఆపారు. ఉన్నది ఒక్కటే ఎల్ బోర్డు. దాన్ని విప్పి ఎర్ర బండికి కట్టారు. బస్‌స్టాపు దగ్గర మళ్లీ నీలం. మందుల షాపు ముందు మళ్లీ ఎరుపు. మైదానం గేటు దగ్గర మళ్లీ నీలం. ప్రతిసారీ నర్సమ్మ చేతిసంచీ, కాగితాల ఫైలు పట్టుకుని ఒక సీట్లోంచి ఇంకో సీట్లోకి ఉరకాలి. ఒక బండి క్లచ్చి ముట్టుకుంటే ఎగురుతుంది, ఇంకోదాని క్లచ్చి తొక్కితే గానీ కదలదు. నాలుగోసారికి ఏ కాలికి ఏ బండో ఆమె కాళ్లకే తెలిసిపోయింది.

"బోర్డు మార్చడానికి నలభై రెండు సెకన్లు!" భర్త స్టాప్‌వాచ్ నొక్కి అరిచాడు. "ముందుసారి కంటే ఆరు తక్కువ!"

"ముడి వేసింది నేను బావా, మెచ్చుకో!"

"మీ ఇద్దరినీ కలిపి ఒక్క తాడుకు కట్టాల్సింది" అంది నర్సమ్మ.

పరీక్ష తీసుకునే ఆఫీసరమ్మ నవ్వని మనిషి. నీలం బండిలో పక్కన కూర్చుని, అట్టమీద కాగితం పెట్టుకుని, "పోనివ్వండి" అంది. మిగతావాళ్లు గీత అవతల నిలబడాలని చెప్పింది. నర్సమ్మ బండిని మెల్లగా పాములా మెలికలు తిరిగిన దారిలోకి దించింది. మొదటి మలుపు దాటింది. రెండోదీ దాటింది.

గీత అవతల తమ్ముడి ఫోను ఏదో చెప్పింది. వాడు గంతేశాడు. ఎరుపు ముందుకొచ్చింది! ఒప్పందం ఒప్పందమే. వాడు తన బండెక్కి ఎదురుగా మైదానంలోకి దూసుకొచ్చాడు. "ఒరేయ్, ఇంకో చుట్టు ఆగరా!" అంటూ, బండి కదిలేలోపే పరుగెత్తి పక్క సీట్లో దూరిన బావ హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఎర్ర బండి గిర్రున తిరిగి దారికి అడ్డంగా ఆగింది.

నర్సమ్మ బ్రేకు తొక్కింది. రెండు బండ్ల మధ్య జానెడు జాగా మిగిలింది. పై ప్రాణాలు పైనే పోయినా ఇంజను మాత్రం ఆగలేదు.

"ఎవరు వీళ్లు?" అంది ఆఫీసరమ్మ.

"ఒకాయన మా ఆయనండీ, ఇంకోడు మా తమ్ముడు. కాదని చెప్పాలనే ఉంది."

ముందుకు దారి లేదు. ఇద్దరూ బండిలోనే కూర్చుని స్టీరింగు పట్టుకుని పెనుగులాడుతున్నారు. నర్సమ్మ ఇక వాళ్లవంక చూడలేదు. వెనక గేరు వేసి, తల తిప్పి, వచ్చిన మెలికలన్నీ వెనక్కి తిరిగి, ఒక్క గుర్తుకర్రకూ తగలకుండా మొదటి గీత మీద బండి ఆపింది.

ఆఫీసరమ్మ కాగితం మీద చకచకా గీతలు పెట్టింది. "సడన్ బ్రేకు అయింది. రివర్సూ అయింది. ఇంత పెద్ద పరీక్ష నేనెప్పుడూ పెట్టలేదు. పాసు."

తర్వాత ఆమె దిగి ఎర్ర బండి దగ్గరకు వెళ్లింది. "బండి లోపలికి తెచ్చినవాడివి నువ్వు. అడ్డంగా ఆపినవాడివి నువ్వు. ఇద్దరూ లైసెన్సులు ఇటివ్వండి. మూడు నెలల దాకా స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు."

బావా బావమరుదులు తలలు దించుకుని వచ్చారు. మైదానంలో రెండు బండ్లు, లైసెన్సున్న మనిషి ఒక్కరు.

"ముందు నా బండి ఇంటికి తీసుకెళ్దాం" అన్నాడు భర్త.

"నాది, అక్కా! ఎరుపే కదా ముందుంది."

"గేటుకు ఏది దగ్గరుంటే అది. రెండోదాని కోసం నేను మళ్లీ వస్తాను. మీరిద్దరూ వెనక కూర్చోండి."

కాగితాల పని తేలేసరికి ఆలస్యమై, సగం దారిలోనే పన్నెండయింది. గెలిచింది ఆకుపచ్చ కంపెనీ అని ఫోను చెప్పింది. ఇరవై నాలుగు గంటల్లో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా దాని పేరెత్తలేదు.

"అసలు ఆకుపచ్చ వాళ్ల ఇంజను..." అని భర్త మొదలుపెట్టాడు. నర్సమ్మ బండి పక్కకు ఆపి, వెనకవాళ్లు దిగే తలుపు వైపు చూసింది. ఆయన సీటు బెల్టు గట్టిగా బిగించుకున్నాడు.

ఆ మూడు నెలలూ రెండిళ్లకూ కలిపి బండ్లు రెండు, డ్రైవరు ఒక్కరు. ఏ కంపెనీ గొప్పదన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం రాలేదు.