పన్నెండో కుర్చీ

వినయంలో గల్ఫ్‌లోని మా దార్సైట్ తెలుగు కతోలికుల్ని మించినవాళ్లు ఈ భూమండలంలో లేరు! ఇది నేనన్న మాట కాదు. మా సంఘాధ్యక్షులు బాలశౌరిగారు మైకు పట్టుకుని మరీ ప్రకటించారు. ఆ మైకు కూడా ఆయన కొన్నదే.

బాలశౌరిగారు ఓ కట్టడాల కంపెనీలో పర్సనెల్ మేనేజరు. కూలీ జబ్బుపడితే ఆస్పత్రికి కంపెనీ బండి కదలాలన్నా ఆయన సంతకం పడాలి. స్వర్గద్వారమైనా తెరుచుకుంటుందేమో గానీ ఆ పెన్ను మూత తెరుచుకోదు! నేను అక్కడే టైపిస్టుని గనక ఈ భాగ్యం రోజూ కళ్లారా చూసేవాణ్ని.

డెబ్భై ఏడులో, ఈస్టరు ముందు ఉపవాసాలుండే తపస్సుకాలం చివరి వారం, దేవదాసు కుంటుకుంటూ ఆఫీసుకొచ్చాడు. తెనాలి వైపు మనిషి, మా సంఘంవాడే. సైట్‌లో తుప్పుమేకు అరికాల్లో దిగి, పాదం బూరెలా పొంగిపోయింది.

"సార్, నిప్పుల్లో పెట్టినట్టుందండీ. బండి ఇప్పిస్తే ఆస్పత్రికెళ్లొస్తానండీ."

బాలశౌరిగారు భక్తిగా కళ్లు మూసుకున్నారు. "దేవదాసూ, ప్రభువుకి ఎన్ని మేకులు దిగాయి?"

"మూడండీ."

"నీకు?"

"ఒకటేనండీ."

"మరింకేం! ఓర్చుకో. శ్రమ దేవుడిచ్చిన వరం. వరాన్ని రద్దు చెయ్యడానికి నేనెవణ్ణయ్యా? డ్యూటీకి పో!" అని, ఉక్కగా ఉంది, ఏసీ పెంచమని నాకు సైగ చేశారు.

పవిత్ర గురువారం వచ్చింది. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఆ సాయంత్రం ఫాదర్‌గారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. అప్పటికి మాకు గుడి లేదు; ఓ అద్దె హాల్లో పూజ. కుర్చీలు వేశాం. పెద్దమనుషులంతా ఇంటి దగ్గరే కాళ్లు సబ్బుతో తోముకుని, పౌడరద్దుకుని వచ్చారు. కడిగించుకోవడానికి కడుక్కుని రావడం మా వినయంలో ఓ భాగం!

మొదటి కుర్చీ శిష్యుల్లో పెద్దవాడైన పేతురుది. అందులో ఎప్పుడూ బాలశౌరిగారే. చిక్కంతా చివరిదాని దగ్గరొచ్చింది.

"అది ప్రభువుని పట్టిచ్చిన యూదాది కదండీ!" అన్నారెవరో. అంతే, కూర్చోబోయినవాడు తేలు కుట్టినట్టు లేచాడు.

"నేను క్యాషియర్నండీ బాబూ! డబ్బుసంచీ మోసినవాడి కుర్చీలో నన్ను చూస్తే కంపెనీవాళ్లేమనుకుంటారు?"

"మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు!"

కడపటివారే మొదటివారవుతారని ఆదివారమే విన్నాం. అయినా కడపట కూర్చునేవాడు ఒక్కడూ దొరకలేదు!

చివరికి బాలశౌరిగారికే తోచింది. "మన దేవదాసున్నాడుగా! పాపం, వాడూ సోదరుడేగా."

దేవదాసు కూర్చున్నాడు. ఫాదర్‌గారు వరసగా కడుగుతూ వచ్చి, అతని ముందు మోకరించి, పాదానికి చుట్టిన గుడ్డ విప్పారు. చీము. క్యాషియరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఆస్పత్రికెందుకు వెళ్లలేదు నాయనా?"

"ఓర్చుకుంటన్నానండీ సామీ. ఇది వరమని బాలశౌరిగారు చెప్పారండీ."

ఫాదర్‌గారు ఆ పాదం మెల్లగా కడిగి, తుడిచి, ముద్దుపెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది.

"బాలశౌరిగారూ, కారు తియ్యండి," అన్నారాయన, తలెత్తకుండానే.

కొత్త టయోటా వెనక సీటు మీద పేపర్లు పరిచి మరీ తీసుకెళ్లారు బాలశౌరిగారు! ఇంకాస్త ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరన్నాడట. పునరుత్థాన పండుగనాడు ఫాదర్‌గారి ప్రసంగం ఒక్క ముక్కలో ముగిసింది: "మొన్న ప్రభువు పన్నెండో కుర్చీలో కూర్చున్నాడు."

ఆ ముక్క మావాళ్ల గుండెల్లో నాటుకుపోయింది. ఎంతగా అంటే, మరుసటేడు పేతురు కుర్చీ ఖాళీ! పన్నెండోదాని కోసం తోపులాట! "నేను అధముణ్ణి" అని ఒకరంటే "నీకంటే నేనే అధముణ్ణి" అని క్యాషియరు చొక్కా చేతులు పైకి మడిచాడు.

అప్పుడొచ్చారు బాలశౌరిగారు. చేతికర్ర పట్టుకుని, కుంటుతూ, కుడిపాదానికి మోకాలిదాకా తెల్లటి కట్టుతో! అందరూ తప్పుకుని దారిచ్చారు. ఆయన మూలుగుతూ పన్నెండో కుర్చీలో కూలబడ్డారు.

ఫాదర్‌గారు మోకరించి కట్టు విప్పడం మొదలుపెట్టారు.

"వద్దు ఫాదర్! చూడలేరు!" అన్నారు బాలశౌరిగారు కంగారుగా.

ఫాదర్‌గారు వినలేదు. చుట్టు మీద చుట్టు విప్పారు. ఒలిచిన అరటిపండులాంటి పాదం బయటపడి, హాలంతా గంధం పౌడరు వాసన గుప్పుమంది.

వెనక వరసలో రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడ్డ దేవదాసు ఒక్కడే చేతులు జోడించి, ఆనందం పట్టలేక గట్టిగా అన్నాడు:

"ఓర్చుకున్నారండీ! అందుకే తగ్గిపోయింది!"