నడుస్తున్న ఇంక్యుబేటర్‌కి ప్రారంభోత్సవం

ఆ గుడ్లలో బతికున్న ముప్పై రెండింటినీ చంపింది మీరే. వేదిక మీద కూర్చున్న మీరూ, కింద నిలబడి చప్పట్లు కొట్టిన మీరూ. వెలుగుతున్న దీపాన్ని ఊది ఆర్పేసి, పెద్దమనిషి చేత మళ్లీ వెలిగించుకుని, ఆహా ఏం వెలుగు అని మురిసిపోయే అలవాటు మీది.

"కొల్లేరు భవిష్యత్తుకు గుడ్డులోనే శ్రీకారం. పిండ పరిశోధనా కేంద్రాన్ని ప్రజలకు అంకితం చేయనున్న మంత్రివర్యులు" అని తాడేపల్లిగూడెం నిండా ఫ్లెక్సీలు లేచాయి. కాలేజీలో పరిశోధన చేస్తున్న గాయత్రి కూడా రోడ్డు మీద ఆగి చదివి ఆశ్చర్యపోయింది. ఆ కేంద్రం అంటే జువాలజీ డిపార్ట్‌మెంట్ మూలగదిలో ఉన్న ఇంక్యుబేటర్. బీరువాలో సగమంత ఉంటుంది. అప్పటికి ఎనిమిది రోజులుగా నడుస్తూనే ఉంది.

లోపల రెండు ట్రేలు, ఒక్కోదాంట్లో ఇరవై నాలుగు కోడిగుడ్లు. మొదటి ట్రే గుడ్లలోకి గాయత్రి సూదితో ఒక్కో చుక్క మంచినీరు ఎక్కించింది. రెండో ట్రే గుడ్లలోకి జగ్గారావుగారి చేపల చెరువులు కాలవలోకి వదిలే నీరు ఎక్కించింది. కన్నాలకు మైనం పెట్టింది. నాలుగో రోజున గుడ్డును టార్చి మీద పెడితే, లోపల ఎర్రటి నరాల మధ్య ఆవగింజంత గుండె కొట్టుకోవడం కనిపించింది. ఎనిమిదో రోజుకి మంచినీళ్ల ట్రేలో చచ్చిన పిండం ఒకటి. చెరువు నీళ్ల ట్రేలో పదిహేను.

పెదపాడు అవతల గాయత్రి ఊరివాళ్లు తాగే చెరువును నింపేది ఆ కాలవే. సోమవారం దాని మీద ఏలూరులో విచారణ. అక్కడ ఇవ్వాల్సిన ఫారంలో ఒక్కో ట్రేకి ఒక్క గడే ఉంది: పదో రోజుకి చనిపోయిన పిండాలెన్ని. పదో రోజు ఆదివారం. మంత్రిగారు వచ్చేది శనివారం.

శనివారం ఏడింటికల్లా ప్రిన్సిపాల్ శ్రీరంగనాయకులుగారు స్నానం చేసి, పట్టుకండువాతో దిగారు.

"అమ్మా గాయత్రీ, దీన్ని ఆపెయ్."

"ఎందుకండీ?"

"మంత్రిగారు ఆన్ చెయ్యాలి కదమ్మా."

"ఆన్‌లోనే ఉందండి."

"అదేగా గొడవ. నడుస్తున్నదాన్ని ఆయనేం ప్రారంభిస్తారు? పిలిచి అవమానించినట్టుండదూ?"

"ఆపితే పిండాలు చచ్చిపోతాయండి. ముప్పై ఏడున్నర డిగ్రీలుండాలి."

"ముహూర్తం తొమ్మిదీ పదకొండుకేనమ్మా. ఆ మాత్రం చలికి అవి ఓర్చుకోలేవా?"

ల్యాబ్ అటెండర్ ఇస్సాకు ఉండబట్టలేకపోయాడు. "అయ్యా, మా ఇంట్లో పొదుగుతున్న కోడిని, పెద్దాయనొచ్చి కూర్చోబెట్టాలని చెప్పి లేపమండి."

"నీ కోడికి ప్రోటోకాల్ లేదు, ఇస్సాకూ."

ఈ వాదనకు తిరుగులేదు. ప్రిన్సిపాల్‌గారు స్వహస్తాలతో స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, స్విచ్‌కి గులాబీ రిబ్బన్ కట్టి, గుమ్మంలో ఒక పోలీసును నిలబెట్టారు. శాస్త్రానికి ఇంత భద్రత ఈ జిల్లాలో ఎన్నడూ దొరకలేదు. మంత్రిగారికి ఉక్క పడదని గదిలో ఏసీ పద్దెనిమిదికి దించారు. ఫొటోలో బాగుంటుందని ట్రేలు బయటకు లాగి, ఒక్కో గుడ్డుకీ పసుపు రాసి బొట్టు పెట్టారు.

తొమ్మిదీ పదకొండు దాటింది. మంత్రిగారు నల్లజర్లలో ఒక బస్సు షెల్టరునీ, గుండుగొలనులో ఇద్దరు వధూవరులనూ ప్రారంభించి వస్తున్నారు. ఆయన బయలుదేరారని ఫోన్ వచ్చినప్పుడల్లా పంతులుగారికి కొత్త ముహూర్తం దొరికింది. మధ్యాహ్నం గాయత్రి పోలీసును బతిమాలుకుని లోపలికి వెళ్లి ఒక గుడ్డు మీద చెయ్యి వేసింది. కుండలో నీళ్లంత చల్లగా ఉంది.

సాయంత్రం ఐదుకి మంత్రిగారు స్విచ్ నొక్కారు. పచ్చ లైటు వెలిగింది. పావుగంట చప్పట్లు.

"ఎన్నాళ్లకి పిల్లలవుతాయమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"ఇంక అవ్వవండి."

"మంచిది. ఓపిక ముఖ్యం."

ఆదివారం ఆమె టార్చి మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూసింది. నలభై ఎనిమిదింటిలో ఒక్కటీ కదల్లేదు. గడుల్లో ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అని రాసి, కింద "శనివారం పది గంటలు యంత్రం ఆపారు" అని చేర్చింది. ప్రిన్సిపాల్‌గారు ఆ వాక్యం కొట్టేశారు. గడి బయట రాసింది చెల్లదట.

సోమవారం విచారణలో మంత్రిగారే మైకు తీసుకున్నారు. "శాస్త్రం తేల్చేసింది. అక్కడా ఇరవై నాలుగే, ఇక్కడా ఇరవై నాలుగే. మంచినీటికీ చెరువు నీటికీ వెంట్రుకవాసి తేడా లేదు." అని, సీలు వేసిన సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగారు. జగ్గారావుగారు గాయత్రికి శాలువా కప్పారు. "మా చెరువుల పరువు నిలబెట్టావమ్మా."

శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఆమె ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లింది. "మళ్లీ చేస్తానండి. కొత్త గుడ్లు తెచ్చాను."

"తప్పకుండా చెయ్యమ్మా. మలివిడత కూడా మంత్రిగారి చేతుల మీదుగానే. డేట్ అడిగాం. అందాకా స్విచ్ ముట్టుకోకు."

ఇంక్యుబేటర్ మళ్లీ ఆగింది. కొత్త రిబ్బన్ పడింది. గుడ్ల బుట్ట పక్కన ఇస్సాకు కాపలా కూర్చున్నాడు. "వీటినైనా మా కోడికిచ్చెయ్యండమ్మా. దానికి డేట్ అక్కర్లేదు."

గాయత్రి ఊళ్లో ఇవాళ కూడా బిందెలు ఆ చెరువులోనే మునిగాయి. కాబట్టి చెప్పేదొకటే. ఆ రిబ్బన్ కోసి పారెయ్యండి. ప్లగ్గు ఆ అమ్మాయి చేతికివ్వండి, ఈ పూటే. మంత్రిగారికి నొక్కాలనుంటే గోడకి ఇంకో స్విచ్ బిగించండి. దండ వెయ్యండి, బొట్టు పెట్టండి. తీగ మాత్రం తగిలించకండి.