హావ్వా పండుగ పుట్టుపూర్వోత్తరాలు

ఈ శీతాకాలంలో ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏయే పండుగలు జరుగుతాయో అవన్నీ, ఏ దేశం మనసూ నొప్పించకుండా, తమ భవనంలోనే జరుపుకోవాలని నివాసుల సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సమావేశానికి వచ్చినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ చెయ్యెత్తారు. అందులో ఒకాయన కిటికీ మూయమని ఎత్తాడు గానీ, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే లెక్కలోకి వచ్చింది.

సంఘం అధ్యక్షులవారు రవాణా శాఖలో పెద్ద పదవి వెలగబెట్టి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క బస్సునీ వేళకి నడపలేకపోయారు గానీ, పండుగలను మాత్రం నిమిషం ఆలస్యం కానివ్వనని ప్రతిజ్ఞ చేశారు. కార్యదర్శిగారికి వీధి చివర మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉంది. ప్రపంచ సంస్కృతుల మీద తనకున్న ప్రేమకీ ఆ దుకాణానికీ ఎటువంటి సంబంధమూ లేదని ఆయనే స్వయంగా మైకులో ప్రకటించారు.

ఆ భవనంలో రెండో అంతస్తులో ఒకావిడ ఉండేది. రేడియోలో తెల్లవారుజామున వార్తలూ, వాతావరణమూ చదవడం ఆమె ఉద్యోగం. అందుకని అందరూ వార్తలమ్మ అనేవాళ్ళు. ఊరంతా ఆఫీసులకి బయల్దేరే వేళకి ఆమె ఇంటికొచ్చేది. ఊరి పగలే ఆమెకి రాత్రి. ఆమె గొంతంటే జనానికి ఎంత గౌరవమంటే, వాన పడుతుందని ఆమె చెప్పిన రోజున గొడుగులు ఇంట్లో పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు.

ఆమె భర్త పళ్ళ డాక్టరు. అత్తగారికి సగమే వినిపిస్తుంది. మిగతా సగం ఆవిడ సొంతంగా సమకూర్చుకుంటుంది.

పండుగలు మొదలయ్యాయి. స్పెయిన్‌లో కొత్త సంవత్సరం వచ్చేటప్పుడు గంట కొట్టినప్పుడల్లా ఒక ద్రాక్షపండు మింగుతారట. మింగడం అందరికీ వచ్చు కాబట్టి, సంఘం గంట కొట్టడాన్ని సాధన చేయించింది. వారం పాటు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. డెన్మార్క్‌లో ఇష్టమైనవాళ్ళ గుమ్మం ముందు పళ్ళాలు పగలగొడతారట. వార్తలమ్మంటే అందరికీ ఇష్టమే. ఆ ఇష్టం ఆమె గుమ్మం ముందు భళ్ళుభళ్ళున పగిలి, మోకాలెత్తు పేరుకుంది. అధ్యక్షులవారి గుమ్మంలో ఒక్క పెంకూ పడలేదు. ఆయన ఎవరూ చూడకుండా సొంత వంటింట్లోంచి నాలుగు పళ్ళాలు తెచ్చి తనే పగలగొట్టుకుని, "అబ్బా, ఎందుకయ్యా నామీద మీకింత అభిమానం!" అని మెట్లమీద నిలబడి కేకలు పెట్టారు.

నార్వేలో ఒక రాత్రి చీపుళ్ళు దాచేస్తారట. మనవాళ్ళు ఎంత నిష్ఠగా దాచారంటే, ఆ పెంకులు ఊడ్చడానికి మళ్ళీ చీపురు దొరకలేదు. జపాన్‌లో గింజలు విసిరి దయ్యాలను తరుముతారట. దయ్యం పదవికి నీళ్ళ మోటారు బాగుచేసే మెకానిక్కు పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. కొలంబియాలో ఖాళీ సూట్‌కేసు పట్టుకుని తిరిగితే ఏడాదంతా ప్రయాణాలే ప్రయాణాలట. భవనం యావత్తూ సూట్‌కేసులు ఈడ్చుకుంటూ మెట్లెక్కింది, మెట్లు దిగింది. ఇల్లు ఖాళీ చేయిస్తున్నారనుకుని అత్తగారు బట్టలన్నీ మూట కట్టుకుని వాళ్ళతోపాటు మూడుసార్లు ఎక్కి దిగింది. తేదీలు కుదరని పండుగలకు రిహార్సల్ అని పేరు పెట్టారు. తేదీలు కుదిరినవాటికి కూడా రిహార్సల్స్ జరిగాయి.

వార్తలమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. దూది మీద దిండు, దిండు మీద దుప్పటి. అయినా కంటి మీదికి కునుకు రాలేదు.

"ఏమండీ, కాస్త వాళ్ళకి చెప్పండి. నాలుగు రోజులైంది నేను నిద్రపోయి," అంది భర్తతో.

"పండగ కదే! ఏడాదికోసారి," అన్నాడాయన, సూట్‌కేసు చక్రానికి నూనె వేస్తూ.

"నిన్నా పండగే, మొన్నా పండగే!"

"అవి వేరే దేశాలవి."

చివరికి జరగకూడనిది జరిగింది. ఒక తెల్లవారుజామున వార్తలమ్మ, "సముద్రం మీద ఉత్తర దిశ నుంచి గాలులు..." అని చదువుతూ చదువుతూ మైకు ముందు తల వాల్చేసింది. ఆ తర్వాత దేశమంతా వినిపించింది ఆమె గురక. వేటకెళ్ళిన పడవలవాళ్ళు అది తుఫాను శబ్దమనుకుని గుండెలు బాదుకుంటూ ఒడ్డుకొచ్చేశారు. వాతావరణ సూచనను జనం నమ్మడం అదే మొదటిసారి.

స్టేషన్ డైరెక్టరు ఆమెను పిలిపించాడు. "చూడమ్మా, గురక చాలా స్పష్టంగా ఉంది, కాదనను. కానీ ఇంకోసారి ఇలా అయితే నీ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు," అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి చాలాసేపు మంచం అంచున కూర్చుంది. ఆ కుర్చీ కోసం పదిహేనేళ్ళు గొంతు అరగదీసుకుంది. బతిమాలితే ఈ జనం వినరు. తిడితే అదీ ఏదో దేశపు ఆచారమేమోనని చప్పట్లు కొడతారు. వీళ్ళకి పండుగను ఆపమని చెప్పడం కుదిరే పని కాదు. ఇంకో పండుగ ఇవ్వాలి, అంతే.

సాయంత్రం సమావేశానికి వెళ్ళి, వార్తలు చదివే గొంతుతో చెప్పింది.

"ఉత్తర ధ్రువానికి కాస్త కిందుగా ఒక ద్వీపం ఉంది. అక్కడ చలికాలమంతా చీకటే. అక్కడివాళ్ళు ఏడు రోజులపాటు మాట్లాడకుండా, చప్పుడు చేయకుండా, తలుపులేసుకుని నిద్రపోతారు. అదే వాళ్ళ పండుగ. అన్నిటికన్నా ప్రాచీనమైనది."

గోడకున్న ప్రపంచ పటం దగ్గరికి అధ్యక్షులవారు కళ్ళద్దాలు సవరించుకుంటూ వెళ్ళారు. ఆ ద్వీపం ఎక్కడుందని అడిగారు. పటం మడతపడి చిరిగిపోయిన చోట వార్తలమ్మ వేలు పెట్టింది.

"అవునవును. ఇక్కడే ఉండాలి," అన్నారాయన.

"ఇంతకీ ఆ పండుగ పేరేమిటమ్మా?" కార్యదర్శిగారు కలం తీశారు.

పేరు ఆలోచించుకురాలేదామె. నోరు తెరిచింది. ఇన్నాళ్ళ నిద్ర ఒక్కసారిగా పొంగుకొచ్చి, నోరు అలాగే సాగిపోయింది.

"హా...వ్వ్...ఆ..."

"హావ్వా," అని రాసుకున్నారు కార్యదర్శిగారు. "వ కింద వ వత్తేనా?"

హావ్వా ఉత్సవాలను ఘనంగా నిర్వహించాలని అక్కడికక్కడే తీర్మానమైంది. వార్తలమ్మ ఆ రాత్రి ఉద్యోగానికి కూనిరాగం తీసుకుంటూ వెళ్ళింది. పొద్దున ఇంటికొచ్చి, తెరలు దించి, దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుంది.

"హలో, హలో, మైక్ టెస్టింగ్! హావ్వా సందర్భంగా నివాసులందరూ నిశ్శబ్దం పాటించవలసిందిగా కోరుతున్నాం! మళ్ళీ చెబుతున్నాం, నిశ్శబ్దం!"

మెట్ల దగ్గర ఒకటి, మేడమీద ఒకటి, సరిగ్గా ఆమె కిటికీ కింద ఒకటి, మైకులు పెట్టారు. నిశ్శబ్దాన్ని ప్రతి ఐదు నిమిషాలకీ గుర్తుచేశారు. కాసేపటికి తలుపు దబదబా మోగింది. చేతికి నీలం పట్టీలు కట్టుకున్న నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళు నిద్ర తనిఖీ ఉపసంఘం. ఉపసంఘానికి నాయకుడు ఆమె భర్తే.

"నిద్రపోతున్నావా?" అని అడిగాడు గంభీరంగా.

"ఎలా పోతానండీ, మీరు తలుపు బాదుతుంటే!"

"మేలుకుని ఉంది. రాసుకోండి," అన్నాడు పక్కవాడితో.

మర్నాడు మంచాల ఊరేగింపు. ఆరుగురేసి మోస్తున్న మంచాల మీద ఎంపికైన నిద్రాపరులు పడుకోగా, ముందు బ్యాండు మేళం జోలపాటలను కవాతు బాణీలో వాయించింది. డోలు చప్పుడుకి లేచి కూర్చున్నవాళ్ళను పోటీ నుంచి తప్పించారు. ఆపై రోజు గురకల పోటీలు. పెద్దల విభాగంలో అత్తగారికి మొదటి బహుమతి వచ్చింది. నిజానికి ఆవిడ నిద్రపోలేదు, న్యాయనిర్ణేత ఏదో అడిగితే ఆయనకి జవాబు చెప్పింది.

ముగింపు సభకి ముఖ్య అతిథిగా ఒక మంత్రిగారొచ్చారు. "నిద్ర అన్నది చాలా ముఖ్యమైనది. ఎందుకు ముఖ్యమైనదీ అంటే, దాని ప్రాముఖ్యత అటువంటిది. నేను చిన్నప్పట్నుంచీ నిద్రపోతున్నాను. మా ప్రభుత్వం కూడా..." అని ఆయన మొదలుపెట్టారు. ఆ గొంతులో ఏముందో గానీ, మొదటి వరసలో కూర్చున్న వార్తలమ్మ రెప్పలు బరువెక్కాయి. మెడ వాలింది. హావ్వా మొదలయ్యాక ఆమె మొదటిసారి నిద్రపోయింది. కలల్లేని, అడుగు లేని నిద్ర. ఉపన్యాసం రెండు గంటలు సాగింది. ఇంకో రెండు గంటలు సాగితే బాగుండునని ఆ సభలో కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే, అదీ నిద్రలో. ఇంతటి భక్తిని తానెక్కడా చూడలేదని మంత్రిగారు కళ్ళొత్తుకుని, ఆమె మెడలో పతకం వేయించారు. వేస్తున్నప్పుడూ ఆమె లేవలేదు.

ఆ సంవత్సరం అలా గడిచింది. రేడియోలో కుర్చీ ఊడలేదు. డైరెక్టరుగారి ఇంట్లో కూడా హావ్వా జరుపుకున్నారు కాబట్టి, ఆ గురకను పండుగ కార్యక్రమం కింద జమకట్టేశారు.

మరుసటి శీతాకాలానికి హావ్వా చుట్టుపక్కల వీధులకీ, ఆ వీధుల చుట్టుపక్కల ఊళ్ళకీ పాకింది. ఒక ఆచార్యుడు హావ్వా అనే మాటకి మూలధాతువు కనుక్కున్నాడు. ఇంకో ఆచార్యుడు ఆ ధాతువు తప్పన్నాడు. దుకాణాల్లో హావ్వా దిండ్లు, హావ్వా దుప్పట్లు, పిల్లలకి హావ్వా బొమ్మలు వచ్చాయి. కింది అంతస్తు పెద్దాయన తన చిన్నతనంలో హావ్వా ఎంత పవిత్రంగా జరిగేదో, ఇప్పుడెంత భ్రష్టుపట్టిపోయిందో చెబుతూ గద్గదమయ్యేవాడు. వినేవాళ్ళూ తలలూపి, ఔను, ఆ రోజులే వేరు అనేవాళ్ళు.

అంతలో తగువు పుట్టింది. అసలైన హావ్వా నిద్ర ఎడమ పక్కకి తిరిగి పోవాలని అధ్యక్షులవారు. కాదు, కుడి పక్కకేనని కార్యదర్శిగారు. భవనం రెండుగా చీలింది. మెట్లు కూడా పంచుకున్నారు. ఎడమవాళ్ళు ఎడమ చేతి వైపు రెయిలింగు పట్టుకుని ఎక్కాలి, కుడివాళ్ళు కుడి వైపుది. ఎడమ ఇంటి పిల్లకి కుడి ఇంటి సంబంధం కుదిరితే, అటూ ఇటూ తిరిగి పడుకున్న దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ప్రమాదముందని పెద్దలు చెడగొట్టారు. వార్తలమ్మ భర్త ఎడమ. అత్తగారు కుడి. కొడుకు చెప్పింది సరిగ్గా వినిపించక అటు చేరింది గానీ, చేరాక మాత్రం చాలా గట్టిగా నిలబడింది. తల్లీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, కూరగిన్నె అందించమని వార్తలమ్మ ద్వారా కబురు పెట్టుకునేవాళ్ళు.

తెల్లవార్లూ వార్తలు చదివొచ్చి, ఇంట్లో ఈ కబుర్లు కూడా చదవాల్సి వచ్చేసరికి ఆమెకి ఓపిక నశించింది. సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడింది.

"ఎడమా లేదు, కుడీ లేదు! ఆ పండుగే లేదు. అలాంటి ద్వీపమూ లేదు. నాకు నిద్ర చాలక నేనే కల్పించాను. హావ్వా అంటే ఆవలింత. ఇదిగో, ఈ కార్యదర్శిగారి ఎదుటే ఆవలించాను. ఆయనే రాసుకున్నారు."

అందరూ కార్యదర్శిగారి వైపు చూశారు.

"రాసుకున్నమాట నిజమే," అన్నారాయన నింపాదిగా. "కానీ అమ్మా, ఆ ఆవలింత మీచేత ఆవలింపజేసింది ఎవరో మీకేం తెలుసు?"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఎడమవాళ్ళూ కొట్టారు, కుడివాళ్ళూ కొట్టారు. ఇన్నాళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న అధ్యక్షులవారూ కార్యదర్శిగారూ వేదిక మీద గట్టిగా కౌగిలించుకున్నారు. కింది అంతస్తు పెద్దాయన లేచి, "మా తాతలనాటి పండుగని పట్టుకుని ఆవలింత అంటుందా!" అని భోరుమన్నాడు. ఎవరో కుర్చీ విసిరారు.

భర్త ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "నీకేమైనా పిచ్చా? నువ్వు పుట్టకముందు నుంచీ ఉందే ఈ పండగ!"

"ఏమండీ, నిరుడు నేను చెప్పినప్పుడు మీరక్కడే ఉన్నారు కదండీ!"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ క్షణంలో ఆమెకి మొగుడు కనిపించాడు. వెంటనే మళ్ళీ ఉపసంఘం నాయకుడైపోయాడు. "నువ్వు చెప్పడం వల్లే కదా మాకు తెలిసింది, ఎప్పట్నుంచో ఉందని," అన్నాడు.

దానికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి, ఆమెకి అందజేస్తాం.

మర్నాడు రేడియో స్టేషన్ ముందు రెండు వర్గాలూ కలిసి బైఠాయించాయి. డైరెక్టరుగారి చేతిలోని కాగితం తీసుకుని, వాన కబురు చెప్పే గొంతుతోనే వార్తలమ్మ చదివింది. "నా మాటల వల్ల ఎవరి మనోభావాలకైనా, ఎవరి నిద్రకైనా భంగం కలిగి ఉంటే బేషరతుగా క్షమాపణ చెబుతున్నాను. శ్రోతలందరికీ హావ్వా శుభాకాంక్షలు." చదివి బయటికొస్తే జనం ఆమెను భుజాలకెత్తుకున్నారు. ఇంటిదాకా మోశారు. దారంతా బ్యాండు.

అంతటితో కథ సుఖాంతమే. కానీ ఆ రోజు ఇల్లు చేరి, అలసిపోయి ఆమె వెల్లకిలా పడుకుందట. కిటికీలోంచి ఎవరో చూశారు. సాయంత్రానికల్లా వెల్లకిలా శాఖకి అధ్యక్షుడు, కార్యదర్శి, ఒక నీలం జెండా తయారయ్యాయి.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. వాళ్ళూ ఇలాగే మొదలుపెట్టారు. కానీ ఈ పూట పడక మీద వాలేటప్పుడు ఎటు తిరుగుతున్నారో కాస్త చూసుకుని తిరగండి. ఎందుకు అటే తిరుగుతారని ఎవరైనా అడిగితే, "ఏమో, మా ఇంట్లో మొదట్నుంచీ ఇంతే," అని మీరు అనబోతున్నారని సంఘానికి ముందే తెలుసు. మీ సభ్యత్వం నమోదైంది.