సూర్యుణ్ణి తెచ్చిన ఫ్లెక్సీ

డాబా మీద నీలమ్మత్త, ఆమె ఇంట్లో అద్దెకుంటున్న నేను వడియాలు పెడుతున్నాం. కింద పరిచింది పోయిన ఎన్నికల ఫ్లెక్సీ. ఒక్కో వడియం నడుమ అత్త బొటనవేలితో నొక్కుతుంది. ఆ గుంట చూసే వరమ్మ కిరాణాలో జనం కొంటారు.

దాని మీది ఓడిన అభ్యర్థి చెంప వడియాలతో నిండేసరికి పార్టీ కార్యకర్త ప్రేమ్‌రాజ్ మెట్లెక్కి వచ్చాడు. మంత్రిగారు మా లాల్‌దర్వాజా గల్లీని ఆదర్శ సౌర గల్లీగా ఎంపిక చేశారని గంభీరంగా ప్రకటించాడు.

"ప్యానెల్స్ నీ డాబా మీదనే అక్కా!"

"మరి నా వడియాలు యాడ పెట్టాలె తమ్మీ? ఏడాది తిండి గీ ఎండకాలం మీదనేనాయె."

"గా ప్యానెల్స్ కరెంటుతోని ఆరబెట్టే మిషన్ ఇస్తున్నం. ఇగ ఎండతోని పనే లేదు. పక్కనున్న మొఘల్‌పురోళ్లు ఇంక ఎండనే నమ్ముకున్నరు, పాపం!"

వారంలో ప్యానెల్స్, మిషన్ వచ్చాయి. డాబా మీద వడియాలకు అడుగు జాగా మిగల్లేదు. మర్నాడు మంత్రిగారి బొమ్మతో కొత్త ఫ్లెక్సీ కూడా వచ్చింది: 'మా గల్లీకి సూర్యుణ్ణి తెచ్చిన మంత్రిగారికి వందనాలు.' రోడ్డు మీదికి బాగా కనబడుతుందని దాన్ని ప్యానెల్స్ మీదే పరిచి నాలుగు మూలలా కట్టారు. ప్రజలను ఇంతగా నీడపట్టున ఉంచే నాయకుడు అరుదు.

మిషన్ తిరగలేదు. వడియాలకు బూజు పట్టింది. తనిఖీకి వచ్చిన అధికారి నిష్ఠాపరుడు. ప్యానెల్స్ చూశాడు, సూర్యుణ్ణి చూశాడు, మధ్యలో ఉన్నదాన్ని చూడలేదు.

"ప్యానెల్స్ పర్ఫెక్ట్. ఎండ పర్ఫెక్ట్. చిన్న కోఆర్డినేషన్ ఇష్యూ."

"గా ఫ్లెక్సీ ఇప్పితే అయిపాయె కద సారూ?"

"ఫ్లెక్సీ మా శాఖ కిందికి రాదమ్మా."

ప్రేమ్‌రాజ్‌ను అడిగితే చెవులు మూసుకున్నాడు. "మంత్రి సాబ్ మొఖం ఇప్పమంటవా? పాగల్ అయినవా అక్కా?"

ఆదివారం విజయోత్సవం. ప్రేమ్‌రాజ్ వరమ్మ కిరాణా నుంచి ఒక పొట్లం తెచ్చి మా పొయ్యి మీదే వేయించాడు. డాబా ఎక్కిన మంత్రిగారికి పళ్లెం అందించాడు.

"సోలార్ వడియాలు సార్!"

మంత్రిగారు ఒకటి కొరికి కెమెరా వైపు తిరిగారు. "నేల మీద ఎండిన వడియాలకు ఈ రుచి ఎక్కడిది!"

చప్పట్లు మోగాయి. నీలమ్మత్త పళ్లెంలోంచి ఒక వడియం తీసి, నడుమనున్న గుంటలో బొటనవేలు ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది. వడియాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టింది.

పిండిగిన్నె నెత్తికెత్తుకుని, పాత ఎన్నికల ఫ్లెక్సీని చుట్టి చంకలో ఇరికించుకుని, మంత్రిగారి ముందు నుంచే మెట్లు దిగింది. గడప దాటి, మొఘల్‌పురా దిక్కుకు నడిచింది.