ఉష్ణ ప్రగతి

"రేపు ఉదయం నుంచి మన దేశంలో రోగులనేవాళ్లు ఉండరు" అని ఆరోగ్యమంత్రిగారు సభలో ప్రకటించారు. ఇన్నేళ్లుగా ఇంతమంది డాక్టర్లు చేయలేని పనిని ఆయన ఒక్క వాక్యంతో చేసేసరికి నాకు కళ్లు చెమర్చాయి. చెవిపోటు వల్ల కూడా కొంత చెమర్చి ఉండవచ్చు.

మర్నాడు ఆ చెవి పట్టుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్లాను. చీటీలు రాసే గుమస్తా ఆపాడు.

"ఎవరండీ మీరు?"

"రోగినండి."

"వాళ్లు నిన్నటితో ఆఖరు. ఇప్పుడు 'ఆరోగ్యార్థి' అనాలి. బాధేమిటని నేనూ అడక్కూడదు. చెప్పండి, ఏమిటి విశేషం?"

"చెవిలో విశేషమండి."

గోడకు కొత్త పదాల బోర్డు వేలాడుతోంది. మంత్రిగారి భాషా సలహాదారు రాత్రికి రాత్రి తయారుచేశాడట. జ్వరం ఇకపై ఉష్ణ ప్రగతి. మలబద్ధకం సుస్థిరత. విరేచనాలు సరళీకరణ. బుర్ర బద్దలు కొట్టుకున్నా మనబోటివాళ్లకు తడతాయా!

నిజానికి డాక్టరు గది ముందు కూర్చున్న మా బెంచీకి భాష ఒక సమస్య కాదు. ఎవరి వృత్తిలో వాళ్లు మూలుగుతూనే ఉన్నారు. మెకానిక్కుకు మోకాలి బేరింగు అరిగింది. దర్జీకి నడుం దగ్గర కుట్టు వదిలింది. ప్లీడరుగారి పొట్ట వ్యవహారం వారంగా వాయిదా పడుతోంది. విలేకరికి తలనొప్పి ఉన్నట్లు విశ్వసనీయంగా తెలిసింది. లోపలున్న డాక్టరమ్మకు ఈ భాషలన్నీ వచ్చు. బేరింగు అంటే మోకాలే చూస్తుంది.

బెంచీ చివర ఒక ముసలమ్మ కోడలి భుజం మీద తల వాల్చి కూర్చుంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

ఇంతలో మంత్రిగారు కార్యదర్శితో, కెమెరాలతో దయచేశారు. నేరుగా ముసలమ్మ దగ్గరికే వెళ్లారు.

"ఏం పెద్దమ్మా, ఎలా ఉంది?"

ఆమె నోరు తెరిచేలోపే కార్యదర్శి బోర్డు చూపించాడు. కోడలు కూడబలుక్కుని చదివింది.

"మా అత్తకు ఉష్ణ ప్రగతండీ. నూట మూడు."

"నిన్నెంత?"

"నూట ఒకటండి."

"ఒక్కరోజులో రెండు!" మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "గత ప్రభుత్వంలో ఎంతుండేదమ్మా?"

"అప్పుడు మామూలుగానే ఉండేదండి."

"విన్నారా? ఎదుగూ బొదుగూ లేదు!"

హాలంతా చప్పట్లు. చెవి వదిలేసి నేనూ కొట్టాను.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "సార్, చప్పట్లు తర్వాత. జ్వరం మాత్రలు అయిపోయాయి. ముందవి పంపించండి."

"ప్రగతిని తగ్గించడానికి మాత్రలా?" మంత్రిగారు నొచ్చుకున్నారు. "అమ్మా, మీది ఏ పార్టీ?"

"ఎంబీబీఎస్ సార్."

ఆయన రేపు ఈ పెద్దమ్మ మెడలో ప్రగతి పతకం వేస్తానని ప్రకటించి వెళ్లిపోయారు. కారు మలుపు తిరగగానే డాక్టరమ్మ బయట మందుల షాపులో మాత్రలు కొనుక్కొచ్చి ముసలమ్మ చేత మింగించింది. రాత్రికి అక్కడే మంచం వేయించింది.

మర్నాడు మంత్రిగారు పతకంతో వచ్చి, కెమెరాల ముందు స్వహస్తాలతో ముసలమ్మ నోట్లో థర్మామీటరు పెట్టారు. తీసి చూశారు. విదిలించి మళ్లీ పెట్టారు. మళ్లీ తొంభై ఎనిమిదే.

"ఏమైంది పెద్దమ్మా?"

"తగ్గిందయ్యా, నీ కడుపు చల్లగా! ఆకలేస్తోంది."

అంతటి మంత్రిగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. ప్రగతి నిరోధక చర్యలకు పాల్పడినందుకు డాక్టరమ్మను పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. పశువులకు రోగాలుండటం మీద ప్రభుత్వానికి అభ్యంతరం లేదు. అవి పేపరు చదవవు.

ఆమె స్థానంలో వచ్చిన డాక్టరు క్రమశిక్షణ గల మనిషి. ముందుగా ముసలమ్మ మాత్రలు ఆపించాడు. రెండు రోజుల్లో దేశం మళ్లీ పట్టాలెక్కింది. ముసలమ్మకు నూట నాలుగు. మంత్రిగారు పతకం వేశారుగానీ, దాన్ని మోయడానికి మెడ నిలవలేదు. కోడలు తల పట్టుకుంటే ఫొటో బాగా వచ్చింది.

నా చెవి కూడా సహనం కోల్పోయింది. పొద్దున్నే పశువుల ఆసుపత్రికి వెళ్లాను. కుంటుతున్న ఎద్దుకూ, దగ్గుతున్న మేకకూ మధ్య మా బెంచీ మొత్తం అప్పటికే బారులు తీరి ఉంది. ప్లీడరుగారు నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. అందరికంటే ముందు ముసలమ్మ, కోడలి భుజం మీద వాలి ఉంది.

కాంపౌండరు తల ఎత్తకుండా అడిగాడు.

"ఏ జంతువు?"

కోడలు తడబడింది. "ఓటరండి."

"కొమ్ములున్నాయా?"

ముసలమ్మ మెల్లగా కళ్లు తెరిచింది.

"ఉంటే మాకీ గతి పట్టేదా నాయనా?"