మూడు చేతుల ఎరువు

ఆ మంగళవారం పొద్దున కాంపౌండరుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగి, పెరట్లో పచ్చికకి కాస్త యూరియా చల్లి, ఆసుపత్రికి వెళ్లడం. ఆదివారం ఇంటి ఓనరు వస్తున్నాడు. పోయిన నెల వచ్చినప్పుడు, వాళ్ల కుక్క దొరసాని ఉచ్చ పోసిన చోటల్లా పళ్లెమంత పసుపు మచ్చలు చూసి ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఈసారికి లాన్ పచ్చగా ఉండాలి. లేదంటే ఈ ఇంట్లో కుక్క ఉండదు."

దొరసాని లేకుండా ఎలా! ఎనిమిదేళ్లుగా కాంపౌండరుగారు చెప్పులు విడిచేలోపే ఎదురొచ్చి పలకరించే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. అందుకే ఆయనా, భార్యా, అత్తగారూ ముగ్గురూ వంతులేసుకుని, అది కూర్చుని లేచిన ప్రతిచోటా వెంటనే రెండు చెంబుల నీళ్లు కుమ్మరిస్తున్నారు. కొత్త మచ్చలు పడటం ఆగింది. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది.

సంచి మీద 'నెలకోసారి, పలచగా' అని ఉంది. రోజుకి వందమందికి "డోసు మించితే ప్రమాదం బాబూ" అని చెప్పే ఆ మనిషి, ఆదివారానికి ఎక్కువ టైము లేదని రెట్టింపు చల్లేసి వెళ్లిపోయారు. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన భార్య వరండాలో మూతి విప్పిన సంచి చూసింది. "విప్పి మర్చిపోయారన్నమాట. ఈ ఇంట్లో నేను చెయ్యి పెట్టకపోతే ఒక్క పనీ తెమలదు," అని గొణుక్కుంటూ తనో విడత చల్లింది. సాయంత్రం అత్తగారు అదే సంచి చూసి, అల్లుడికి తీరిక లేదు, కూతురికి ధ్యాస లేదు అనుకుంది. తనూ చల్లింది. ఆవిడ చేతికి అసలే ఎముక లేదు.

గురువారానికి పచ్చిక వాడింది. ఎరువు చాలలేదేమోనని ముగ్గురూ ఎవరికి వారే ఇంకో విడత వేశారు. సంచి ఎందుకింత తేలికైందని ఎవరూ అడగలేదు. అడిగితే తమ గుట్టే బయటపడుతుంది.

ఆదివారం ఓనరు పెరట్లో అడుగుపెట్టి తల పట్టుకున్నాడు. "చెప్పానా లేదా? మీ కుక్క మొత్తం కాల్చేసింది!"

కాంపౌండరుగారు ఇక ఆగలేకపోయారు. "దాన్నేమీ అనకండి సార్. యూరియా ఎక్కువేసింది నేను."

"మీరెక్కడ వేశారండీ? వేసింది నేనైతే!" అంది భార్య.

"మీరిద్దరూ వేస్తే నేనెందుకే నడుం విరగ్గొట్టుకున్నాను?" అంది అత్తగారు.

లెక్క తేలేసరికి ఆరు విడతలు. ఓనరు చెయ్యి చాపి, "మరి అవేంటి?" అన్నాడు. మాడిన గడ్డి మధ్య అక్కడక్కడ ఏడెనిమిది గుండ్రటి మచ్చలు నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి.

"అవి... అది పోసిన చోట్లు సార్," అన్నారు కాంపౌండరుగారు నెమ్మదిగా. "వెంటనే నీళ్లు కుమ్మరించాం కదా, మేం వేసిందంతా అక్కడ కొట్టుకుపోయినట్టుంది."

ఓనరు దొరసానిని చూశాడు, ఆ ముగ్గురినీ చూశాడు. "కుక్కని ఉండనీయండి," అన్నాడు. కాంపౌండరుగారు అక్కడే గడ్డిలో కూలబడి దాన్ని కావలించుకున్నారు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు కొత్త అగ్రిమెంటు వచ్చింది: కుక్క విషయంలో అభ్యంతరం లేదు, మిగతా ముగ్గురి ప్రవర్తన ఆర్నెల్లు గమనించబడును.