బీరన్న గుండెకు వెడల్పు మందు

మా మండల దవాఖానలో డాక్టర్ లేకపోవడం మహా వరం! నవ్వకండి. డాక్టరే ఉంటే మా గొర్రెల కాపరి బీరన్న ఊళ్లోనే బాగుపడేవాడు. గుండె ఎలా పనిచేస్తుందో నాకు ఈ జన్మలో తెలిసేది కాదు!

మొన్న మోత్కూర్ సంత నుంచి వస్తూ బీరన్న ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయాం. కుర్చీ ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, డాక్టర్ లేరు. ఇక ఆర్‌ఎంపీ సైదులే దిక్కయ్యాడు. "గుండె నరాలు వెడల్పయితయి, దినాం మూడేసుకో" అని గోలీలిచ్చాడు. వెడల్పు మంచిదే కదా, రోడ్డయినా, నరమయినా!

మూడో రోజు గోలీ వేసుకున్న గంటకు బీరన్నకు ఒళ్లంతా చెమటలు. "ఛాతీ మీద బండ పెట్టినట్టున్నదే" అన్నాడు. భార్య గుర్వమ్మ ఏడవలేదు, ఆటో పిలిచింది. నేనూ ఎక్కాను. నలభై కిలోమీటర్లు. రోగిని పరామర్శించడానికి ఇంత తీరిక ఇంకెక్కడ దొరుకుతుంది?

జిల్లా పట్నంలో పెద్ద దవాఖాన. డాక్టర్ మంజులత నాలుక కింద వేరే గోలీ పెట్టారు, ఈసీజీ తీశారు. నొప్పి తగ్గాక, సైదులు ఇచ్చిన గోలీలు చూసి, ఇవి బంద్ చెయ్యమన్నారు.

"అవీ వెడల్పు చేసేవే కదమ్మా?" అన్నాను.

"చేస్తయి. మంచిగున్న నరాలను మస్తు తెరుస్తయి. పూడుకపోయిన దిక్కు నరం ఎంత తెరుసుకునేదో ముందే తెరుసుకున్నది, ఇంక సాగదు. రక్తమంత మంచి నరాల దిక్కే మళ్లుతది. పూడుకపోయిన దిక్కు కండకు అందే జరంత ఆక్సిజన్ గూడ తగ్గుతది."

"మరి మీరు పెట్టింది?"

"అది గుండెకు పని తగ్గిస్తది. పని తగ్గితే తక్కువ ఆక్సిజన్‌తోనే నడుస్తది."

బీరన్న మంచం మీంచే మెల్లగా అడిగాడు: "అంటే ఉన్నోనికే మల్ల పెట్టినట్టా, అమ్మా?"

"గంతే."

రెండు రోజులకు స్టెంట్ వేశారు. బతికాడు. ఇంటికి బయలుదేరేటప్పుడు ఆటో దగ్గర గుర్వమ్మ డాక్టరమ్మకు దండం పెట్టింది.

"మీ అసొంటోళ్లు ఈడ ఎంతమంది ఉన్నరు, బిడ్డా?"

"నాతోని పదకొండు మందిమి." డాక్టరమ్మ మందుల చీటీ గుర్వమ్మ చేతికిచ్చారు. "నా పోస్టు మీ మండల దవాఖానలనే, అవ్వా. రెండేండ్లాయె, డిప్యుటేషన్ మీద ఈడికి తెచ్చిండ్రు."

బీరన్న ఆటోలో పక్కకు జరిగాడు.

"జర ఎక్కున్రి, డాక్టరమ్మా. జాగా ఉన్నది."

ఆమె ఎక్కలేదు. అందుకు ఆర్డరు రావాలట.